ఆఫీసొస్తే ఊరికేమొస్తుంది?

ప్లేస్‌మెంట్ మెయిల్స్‌లో 'జాబ్ లొకేషన్' అని ఒక గడి ఉంటుంది చూడండి. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, పుణె, ఎప్పుడైనా అదృష్టం బాగుంటే విశాఖ. తెనాలి, బాపట్ల, రేపల్లె అనే పేర్లు ఆ గడిలో ఇంతవరకూ నాకు కనిపించలేదు. ఒకసారి సీనియర్స్‌ని అడిగితే నవ్వారు. "తెనాల్లో సాఫ్ట్‌వేర్ ఆఫీసా? నువ్వు పెట్టు, మేమొచ్చి జాయినవుతాం" అన్నారు.

జోక్ బాగానే ఉంది. కానీ అందులో ఒక ప్రశ్న ఉంది. ఒక ఆఫీసు వస్తే ఊరికి నిజంగా ఏమొస్తుంది? జీతాలు తీసుకునేవాళ్ళకి తప్ప మిగతావాళ్ళకి ఏమైనా ఒరుగుతుందా? మా ఊరు తెనాలి, అమ్మవాళ్ళ ఊరు రేపల్లె, రోజూ రైల్లో దాటేది చుండూరు, పొన్నూరు, దిగేది బాపట్ల. ఈ మూడు ఊళ్ళనీ రోజూ చూస్తున్నదాన్ని కాబట్టి దీని మీద నాకొక అభిప్రాయం ఉంది. సూటిగా చెప్పేస్తా: మన ఊళ్ళకి ఆఫీసులు కావాలి, ఫ్యాక్టరీల కంటే ముందు కావాలి, అవి పెద్ద క్యాంపస్‌లే అయ్యుండక్కర్లేదు. ఎందుకో వివరంగా చెప్తాను. ఎకనామిక్స్ మన సబ్జెక్ట్ కాదు కాబట్టి మనకి తెలిసిన భాషలోనే మాట్లాడుకుందాం.

కలెక్టరేట్ నేర్పిన పాఠం

2022 ఏప్రిల్ 4న మన రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. గుంటూరు జిల్లా నుంచి వేమూరు, రేపల్లె, బాపట్ల, ప్రకాశం జిల్లా నుంచి పర్చూరు, అద్దంకి, చీరాల నియోజకవర్గాలు కలిపి బాపట్ల జిల్లా చేశారు. బాపట్లకి కలెక్టరేట్, ఎస్పీ ఆఫీసు వచ్చాయి. రేపల్లెకి ఆర్డీవో ఆఫీసు వచ్చింది. తెనాలి మాత్రం గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. తెనాలి పక్కనే ఉన్న వేమూరు ఒక జిల్లా, తెనాలి ఇంకో జిల్లా. పెళ్ళిపత్రికల్లో అడ్రస్ మారింది తప్ప ఏమీ మారలేదని మా నాన్న అంటారు.

బాపట్లలో మాత్రం మారింది. సోమవారం పొద్దున అర్జీలు ఇచ్చే రోజున స్టేషన్ బయట నిలబడి చూడండి, మీకే తెలుస్తుంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పాస్‌బుక్కు, ఆధార్ జిరాక్సులు పట్టుకుని దిగేవాళ్ళు ఎంతమందో. ఒక్కొక్కరూ ఆటో ఎక్కుతారు, టిఫిన్ చేస్తారు, అర్జీ రాయించుకుంటారు, నాలుగు జిరాక్సులు తీయించుకుంటారు, మధ్యాహ్నం భోజనం చేసి వెళ్తారు. ఇవన్నీ చిన్న చిన్న ఖర్చులే. కానీ వారం వారం జరిగే ఖర్చులు. దాని మీద ఆటో కిస్తీలు కట్టేవాళ్ళున్నారు. ఉద్యోగులు ఇళ్ళు అద్దెకి తీసుకున్నారు, వాళ్ళకి పాలు పోసేవాళ్ళు, వంటచేసేవాళ్ళు, పిల్లలకి ట్యూషన్ చెప్పేవాళ్ళు అవసరమయ్యారు.

ఇక్కడొక విషయం గమనించాలి. ఈ డబ్బు కొత్తగా పుట్టలేదు. రేపల్లె వాళ్ళు ఇంతకుముందు గుంటూరులో తిన్న భోజనం ఇప్పుడు బాపట్లలో తింటున్నారు. చీరాల వాళ్ళు ఒంగోలులో ఎక్కే ఆటో ఇప్పుడు ఇక్కడ ఎక్కుతున్నారు. గుంటూరు, ఒంగోలు పోగొట్టుకున్నది బాపట్లకి వచ్చింది. దగ్గరైనవాళ్ళకి ప్రయాణం ఖర్చు, ఒకరోజు కూలీ మిగలడం మాత్రం నిజమైన లాభం. మిగతాదంతా ఒక జేబులోంచి ఇంకో జేబులోకి.

అదే బయటి ఊళ్ళకి, బయటి దేశాలకి పని చేసిపెట్టే ఆఫీసు వస్తే లెక్క వేరుగా ఉంటుంది. చికాగోలో ఎవరో కట్టిన బిల్లు తెనాలి మార్కెట్‌లో వంకాయలు కొంటుంది. ఆ డబ్బు ఈ ప్రాంతానికి ఇంతకుముందు లేని డబ్బు. సర్కారు ఆఫీసుకీ దీనికీ ఉన్న తేడా ఇదే. మనం 'మాకు జిల్లా కావాలి, మాకు డివిజన్ కావాలి' అని ధర్నాలు చేస్తాం గానీ, 'మాకు బయటి డబ్బు తెచ్చే ఆఫీసు కావాలి' అని ఎవరూ ధర్నా చేయగా చూడలేదు.

పంట డబ్బు, ఒకటో తారీకు డబ్బు

మనది డెల్టా. వరి, మినుము, మొక్కజొన్న, అరటి, నిమ్మ, పసుపు. దుగ్గిరాల పసుపు యార్డు పేరు దేశంలో వ్యాపారులందరికీ తెలుసు. రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యలు, చేపలు. అంటే మనం పేదవాళ్ళం కాదు. మన ఇబ్బందల్లా డబ్బు వచ్చే టైమింగ్.

పంట డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తుంది. వచ్చినప్పుడు అప్పులకి, ఎరువుల కొట్టు బాకీకి, కౌలుకి సగం పోతుంది. మిగతా నెలల్లో కిరాణా కొట్టు ఖాతా పుస్తకం మీద నడుస్తుంది. రేపల్లెలో మా మావయ్య బట్టల కొట్టు ఉంది. ఆయన లెక్క ప్రకారం సంవత్సరం అంటే 12 నెలలు కాదు, సంక్రాంతి ముందు ఒక నెల, పెళ్ళిళ్ళ సీజన్ రెండు నెలలు, అంతే. మిగతా తొమ్మిది నెలలూ కూర్చుని అద్దె కట్టడమే. తుఫాను వచ్చిన ఏడాది ఆ మూడు నెలలు కూడా ఉండవు. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతకొచ్చిన వరి నీళ్ళలో పడుకుంది. ఆ సంక్రాంతికి కొట్లో పని చేసే ఇద్దరిలో ఒకర్ని మావయ్య మానిపించాల్సి వచ్చింది. వరికీ బట్టల కొట్లో ఉద్యోగానికీ ఉన్న లింకు నాకు అప్పుడే అర్థమైంది.

పాల బిల్లు ఉన్న ఇళ్ళు ఇలాంటప్పుడు కొంచెం నిలబడతాయి. ఎందుకంటే అది తక్కువైనా క్రమం తప్పకుండా వస్తుంది. ఆఫీసు జీతం కూడా అలాంటిదే, ఇంకాస్త పెద్దది. వాన పడినా, ఎండ కాసినా ఒకటో తారీకుకి పడుతుంది.

ఊరికే ఊహకి ఒక లెక్క వేద్దాం. తెనాల్లో 500 మంది పని చేసే ఒక ఆఫీసు ఉందనుకోండి. సగటు జీతం 30,000 అనుకుందాం. నెలకి 1.5 కోట్లు. అందులో సగం ఈఎంఐలకి, ఆన్‌లైన్ షాపింగ్‌కి, సేవింగ్స్‌కి పోయినా 75 లక్షలు ప్రతి నెలా ఊళ్ళోనే ఖర్చవుతాయి. ఏడాదికి 9 కోట్లు. ఇది ఒక్కసారి వచ్చి పోయే గ్రాంటు కాదు. అద్దె, కూరగాయలు, స్కూలు ఫీజు, బైక్ సర్వీసింగ్, బిర్యానీ, బ్యూటీ పార్లర్, పుట్టినరోజు కేకులు. ఆ కేకు అమ్మిన బేకరీవాడు మళ్ళీ ఇంకో కుర్రాణ్ణి పనిలో పెట్టుకుంటాడు. ఆ కుర్రాడు జీతంతో ఫోన్ రీచార్జ్ చేసుకుంటాడు. అలా తిరుగుతుంది.

ఎన్రికో మొరెట్టి అనే ఎకనామిస్టు అమెరికా నగరాల లెక్కలు తీసి, 2012లో వచ్చిన తన పుస్తకంలో ఒక మాట చెప్పాడు: ఒక నగరంలో ఒక హైటెక్ ఉద్యోగం వస్తే, కాలక్రమంలో దాని చుట్టూ ఇంకో ఐదు ఉద్యోగాలు పుడతాయి. డాక్టరు, లాయరు దగ్గర్నుంచి వెయిటరు, కార్పెంటరు దాకా. అమెరికా జీతాలు వేరు, మన జీతాలు వేరు, కాబట్టి ఐదు అనే అంకె ఇక్కడ అలాగే వస్తుందని నేను అనను. ఒకటే వచ్చిందనుకోండి. 500 మంది ఆఫీసు 1,000 మందికి అన్నం పెట్టినట్టే. ఆ రెండో 500 మందికి బీటెక్ అవసరం లేదు, ఇంగ్లిష్ అవసరం లేదు. ఫ్యాక్టరీల కంటే ముందు ఆఫీసులు అన్నది కూడా ఇందుకే: ఎకరాలకి ఎకరాలు భూమి తినదు, కాలవలోకి ఏమీ వదలదు, జీతం మాత్రం ఊళ్ళో పారిస్తుంది.

నారు మనది, పంట వాళ్ళది

పిల్లలు హైదరాబాద్‌లో సంపాదించి ఇంటికి పంపిస్తున్నారు కదా, అదీ బయటి డబ్బే కదా అని అడగొచ్చు. నిజమే. కానీ ఆ డబ్బు దేనికి ఖర్చవుతుందో చూడండి. స్థలాలకి, అపార్ట్‌మెంట్‌లకి. లేదంటే ఊళ్ళో రెండంతస్తుల ఇల్లు కట్టి తాళం వేసి వెళ్ళిపోతారు. తెనాలి చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్ళినా అలాంటి ఇళ్ళు కనిపిస్తాయి. కింద ఇద్దరు ముసలివాళ్ళు, పైన ఎవరూ ఉండరు. తాళం వేసిన ఇల్లు కూరగాయలు కొనదు, సినిమాకి వెళ్ళదు, స్కూలు ఫీజు కట్టదు. స్థలాల రేట్లు మాత్రం పెంచుతుంది.

ఇంకోవైపు చూడండి. ఒక పిల్లని ఎల్‌కేజీ నుంచి బీటెక్ దాకా చదివించేది ఈ ఊరు. అమ్మానాన్నల చీటీ పాటలు, తాకట్టులో బంగారం, గవర్నమెంటు ఫీజు రీయింబర్స్‌మెంటు అన్నీ కలిపి 18 ఏళ్ళు పెట్టుబడి. ఆ పిల్ల మొదటి జీతం అందుకున్న రోజు నుంచీ ఖర్చు పెట్టేది వేరే ఊళ్ళో. మన డెల్టా భాషలో చెప్పాలంటే నారు పోసేది మనం, పంట కోసుకునేది గచ్చిబౌలి.

అమ్మాయిల విషయంలో ఇది ఇంకా దారుణం. మా పెద్దమ్మ కూతురు రేపల్లెలోనే పెరిగింది. బెంగళూరులో ఒక కంపెనీలో మూడేళ్ళు పని చేసింది, మంచి పేరు తెచ్చుకుంది. పెదనాన్నకి పక్షవాతం వచ్చింది. కొన్నాళ్ళు ఇంటి నుంచి పని చేసింది, తర్వాత అందరూ ఆఫీసుకి రావాల్సిందే అన్నారు. మానేసింది. ఇప్పుడు ఊళ్ళో స్కూల్లో కంప్యూటర్ టీచరు. జీతం అప్పటి దాంట్లో నాలుగో వంతు. అక్క తెలివి ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది. దాన్ని వాడుకునే ఆఫీసు 600 కిలోమీటర్ల దూరంలో ఉంది, అంతే. మన క్లాసులో ఇలాంటి అక్కలు లేని అమ్మాయి ఎవరైనా ఉందా? పెళ్ళయ్యాక, పిల్లలు పుట్టాక, అత్తగారికి ఒంట్లో బాగోకపోతే ముందు ఆగిపోయేది ఎవరి ఉద్యోగమో మనందరికీ తెలుసు. ఆఫీసు అరగంట దూరంలో ఉంటే ఆ ఉద్యోగాల్లో చాలా వాటిని కాపాడుకోవచ్చు. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే.

ఇది కొత్తగా మొదలైంది కూడా కాదు. తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అని గొప్పగా చెప్పుకుంటాం. చక్రపాణి గారు మనవాళ్ళే. కానీ నాగిరెడ్డి గారితో కలిసి 1947లో 'చందమామ' పెట్టింది మద్రాసులో. కొడవటిగంటి కుటుంబరావు గారు పుట్టింది తెనాలి, 1952 నుంచి 1980లో చనిపోయేదాకా 'చందమామ' నడిపింది మద్రాసులో. బుర్రిపాలెం కృష్ణ గారు కూడా మద్రాసు వెళ్ళాకే సూపర్‌స్టార్ అయ్యారు. ప్రెస్సులు, స్టూడియోలు, ఆఫీసులు ఎక్కడుంటే మనుషులు అక్కడికే పోతారు. మన సాహితీ క్లబ్బులో ప్రతి ఏడాదీ వీళ్ళ పేర్లు చెప్పి గర్వపడతాం కదా, ఆ గర్వంలో 'వాళ్ళు వెళ్ళిపోయారు' అనే సంగతి కూడా కలిపి చెప్పుకుంటే బాగుంటుంది.

హైదరాబాద్ ఎలా అయింది?

1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి గారు మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. అప్పటికి దాని చుట్టూ రాళ్ళగుట్టలు. ప్రభుత్వ సంస్థ, ఎల్ అండ్ టీ కలిసి కట్టిన ఒక్క బిల్డింగ్ అది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ తన డెవలప్‌మెంట్ సెంటర్ హైదరాబాద్‌లో మొదలుపెట్టింది. 2019లో అమెజాన్ 15,000 మంది పట్టే బిల్డింగ్ అక్కడే కట్టింది. హైటెక్ సిటీ గురించి మాట్లాడేటప్పుడు మనం ఇంజినీర్ల గురించే మాట్లాడతాం. అక్కడ పీజీ హాస్టళ్ళు నడిపేవాళ్ళలో, కర్రీ పాయింట్లు పెట్టినవాళ్ళలో, క్యాబ్ నడిపేవాళ్ళలో మన గుంటూరు, బాపట్ల వాళ్ళు ఎంతమంది ఉన్నారో ఎవరైనా లెక్క తీస్తే మొరెట్టి గారికి ఒక కొత్త చాప్టర్ దొరుకుతుంది. పీజీ పెట్టడానికి కూడా మనవాళ్ళు ఊరు వదిలి వెళ్ళాల్సొచ్చింది.

ఇందులో రెండు పాఠాలున్నాయి. ఒకటి, ఆఫీసులు వాటంతట అవి రాలేదు. ప్రభుత్వం ముందు బిల్డింగ్, రోడ్డు, కరెంటు చూపించింది. రెండు, అన్నీ ఒకే చోట పెడితే ఏమవుతుందో 2014 జూన్ 2న మనకి తెలిసొచ్చింది. రాష్ట్రం విడిపోయిన రోజున ఈ 13 జిల్లాల్లో చెప్పుకోదగ్గ ఐటీ సిటీ ఒక్కటి కూడా లేదు.

ఇప్పుడు విశాఖ వంతు. 2025లో టీసీఎస్‌కి 21.16 ఎకరాలు 99 పైసలకి ఇచ్చారు, 12,000 ఉద్యోగాలు వస్తాయన్నారు. అదే ఏడాది అక్టోబర్‌లో గూగుల్ ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్ల పెట్టుబడి పెడతామని ప్రకటించింది. ఇవి మంచివే, నేను వద్దనను. కానీ డేటా సెంటర్‌కీ ఆఫీసుకీ తేడా కంప్యూటర్ సైన్స్ వాళ్ళం మనకైనా తెలియాలి. డేటా సెంటర్ కట్టేటప్పుడు వేలమంది, నడిపేటప్పుడు చాలా తక్కువమంది. సర్వర్లు టిఫిన్ చేయవు. పెట్టుబడి ఎన్ని కోట్లు అనే దానికంటే, ఎంతమంది ఆ ఊళ్ళో జీతం తీసుకుని అక్కడే ఖర్చు పెడతారు అనేదే ఊరికి ముఖ్యం.

తెనాలికి ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఒకవైపు మంగళగిరి, అమరావతి, ఇంకోవైపు గుంటూరు, పైన విజయవాడ. అన్నీ గంట దూరం. మనం ఏమీ చేయకుండా కూర్చుంటే తెనాలి అందరూ రాత్రి పడుకోవడానికి వచ్చే ఊరు అవుతుంది. పొద్దున్నే రైలెక్కి పోవడం, రాత్రికి రావడం. మధ్యాహ్నం భోజనం, టీ, షాపింగ్ అన్నీ అక్కడే అయిపోతాయి.

మన దగ్గర ఒక మంచి ఆఫీసు ఇప్పటికే ఉంది

చిన్న ఊళ్ళో పెద్ద పని జరగదు అనేవాళ్ళకి నేను ఒక్కటే చెప్తాను: మీరు తినే అన్నం చూడండి. సాంబ మసూరి బియ్యానికి అసలు పేరు బీపీటీ 5204. బీపీటీ అంటే బాపట్ల. ఇక్కడి వరి పరిశోధనా కేంద్రంలో తయారై 1986లో విడుదలైన రకం అది. దాదాపు 40 ఏళ్ళ తర్వాత కూడా తెలుగు రాష్ట్రాల్లో సన్నబియ్యం అంటే దాని పేరే చెప్తారు. పక్క రాష్ట్రాలకీ వెళ్ళింది. 1945లో పెట్టిన వ్యవసాయ కాలేజీ, దాని చుట్టూ ఉన్న పరిశోధన లేకపోతే ఇది జరిగేది కాదు. బాపట్ల లాంటి ఊళ్ళో కొంతమంది కూర్చుని చేసిన పని దేశం మొత్తం పొలాల్లో డబ్బయింది. దాన్ని మనం ఆఫీసు అనుకోం, కాలేజీ అనుకుంటాం. కానీ చదువుకున్నవాళ్ళు జీతం తీసుకుని, బయటివాళ్ళకి పనికొచ్చేది తయారు చేసే చోటు ఆఫీసు కాక ఇంకేంటి?

పక్క రాష్ట్రంలో కూడా ఉదాహరణ ఉంది. తమిళనాడులో తెన్‌కాశి దగ్గర మత్తలంపారై అనే పల్లెలో జోహో కంపెనీ 2011లో ఆఫీసు పెట్టింది. తర్వాత అక్కడి నుంచే ప్రపంచం మొత్తం వాడే ప్రొడక్ట్స్ మీద పని చేస్తున్నారు. మన గోదావరి జిల్లాల పల్లెల్లో కూడా 2000ల్లోనే బైర్రాజు ఫౌండేషన్ 'గ్రామ్‌ఐటీ' పేరుతో ఊళ్ళోని పిల్లలతో బీపీవో పని చేయించింది. అంటే ఆలోచన కొత్తది కాదు, పిచ్చిదీ కాదు.

అభ్యంతరాలు

ఈ వ్యాసం డ్రాఫ్టు మా రైలు బ్యాచ్‌కి చూపిస్తే నాలుగు అభ్యంతరాలు చెప్పారు. న్యాయమైనవే.

మొదటిది, కంపెనీలు గుంపుగా ఉన్నచోటికే వెళ్తాయి. ఐదు ఉద్యోగాల మాట చెప్పిన మొరెట్టే ఇదీ చెప్పాడు: తెలివైనవాళ్ళు ఒకచోట చేరితే ఇంకా తెలివైనవాళ్ళు అక్కడికే వస్తారు. నిజం. అందుకే మనకి మైక్రోసాఫ్ట్ రావాలని నేను కలలు కనను. పెద్ద ఆఫీసుకి చిన్న కొమ్మలాంటిది చాలు. 50 మంది, 100 మంది.

రెండోది, మా ఫ్రెండ్ అడిగిన కష్టమైన ప్రశ్న. "చిన్న ఊళ్ళకి వచ్చేది టెస్టింగ్, సపోర్టు, డేటా ఎంట్రీ లాంటివి. వాటినే కదా ఏఐ ముందు తినేది?" దీనికి నా దగ్గర తేలిక సమాధానం లేదు. నిన్నటి కాల్ సెంటర్‌ని రేపటికి తెచ్చుకుంటే మోసపోతాం. అందుకే మన నేలకి అతుక్కున్న పని మీద ఆఫీసులు రావాలంటాను. రొయ్యల చెరువులో నీళ్ళు పాడవుతున్నాయని ముందే చెప్పే సెన్సర్లు, పసుపు క్వాలిటీ చూసే కెమెరాలు, కాలవ నీళ్ళ లెక్కలు, విత్తనాల డేటా. ఇది చేయాలంటే చెరువు గట్టు మీదకి వెళ్ళాలి, రైతుతో మన యాసలో మాట్లాడాలి. ఆ పని గచ్చిబౌలిలో పదో అంతస్తులో కూర్చుని చేయడం కష్టం. ఇక్కడ రేపల్లె వాళ్ళకే అడ్వాంటేజ్.

మూడోది, వరదలు, తుఫాన్లు. 2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకి పైగా నీళ్ళు వదిలారు. రేపల్లె వైపు కృష్ణ గట్టు ఊళ్ళు ఎలా వణికాయో మాకు తెలుసు. అమెరికా క్లయింటుకి 'మాకు తుఫాను' అని ఎన్నిసార్లు చెప్తాం? దీనికి జనరేటర్, రెండు వేరువేరు దారుల్లో ఇంటర్నెట్ లైన్లు, ఎత్తైన చోట బిల్డింగ్ కావాలి. ఖర్చే. కానీ చెన్నైలో వరదలు రావా? ముంబైలో రావా? అక్కడ ఆఫీసులు ఎత్తేశారా?

నాలుగోది నాకు అన్నిటికంటే సీరియస్‌గా అనిపించింది. అద్దెలు పెరుగుతాయి. జీతం ఉన్నవాడు ఆరు వేలు ఇస్తానంటే, మూడు వేలకి ఉంటున్న టైలర్‌ని ఓనరు ఖాళీ చేయిస్తాడు. ఆఫీసు వల్ల వచ్చే లాభం అందరికీ సమానంగా రాదు. సొంతిల్లు ఉన్నవాళ్ళకి ముందు వస్తుంది, అద్దెకున్నవాళ్ళకి ముందు దెబ్బ తగులుతుంది. ఇంకా వరి పొలాలు ప్లాట్లయిపోతాయి. కాబట్టి ఎక్కడ పెడతాం అనేది ముఖ్యం. మూడు పంటలు పండే పొలంలో క్యాంపస్ కట్టొద్దు. ఊరి మధ్యలో మూతపడిన సినిమా హాళ్ళు, పాత రైస్ మిల్లులు, కింద షాపు ఉండి పైన ఖాళీగా ఉన్న అంతస్తులు ఎన్ని లేవు?

ఏం అడగాలి?

మనిషికి సుమారు 100 చదరపు అడుగులు చొప్పున వేసుకుంటే 200 మందికి 20,000 చదరపు అడుగులు చాలు. మూడు నాలుగంతస్తుల బిల్డింగ్. విశాఖలో ఎకరాలు 99 పైసలకి ఇచ్చిన ప్రభుత్వానికి ఇది లెక్కలోది కాదు. తెనాల్లో ఒకటి, బాపట్లలో ఒకటి, రేపల్లెలో ఇంకా చిన్నది ఒకటి. ప్రభుత్వం కట్టి లేదా బాగుచేసి, కరెంటు, ఇంటర్నెట్ గ్యారంటీ ఇచ్చి, సీట్ల లెక్కన కంపెనీలకి అద్దెకివ్వాలి. ఒకే కంపెనీకి మొత్తం ఇవ్వకూడదు, ఆ ఒక్కటీ వెళ్ళిపోతే ఊరు కూలబడుతుంది. రాయితీ ఇస్తే ఎకరాన్ని బట్టి కాకుండా, ఊళ్ళో ఉండి జీతం తీసుకునే మనిషిని బట్టి ఇవ్వాలి. అందులో అమ్మాయిలు ఎంతమందో కూడా చూడాలి. రైళ్ళు ఎలాగూ ఉన్నాయి. తెనాలి జంక్షన్ నుంచి ఒక లైను బాపట్లకి, ఒకటి రేపల్లెకి, ఒకటి గుంటూరుకి. ఆఫీసు టైములకి సరిపడేలా రెండు లోకల్స్ వేస్తే మూడు ఊళ్ళూ కలిసి ఒక సిటీ లాగా పని చేస్తాయి.

1913లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది బాపట్లలోనే. అప్పుడు వాళ్ళు అడిగిన దాంట్లో ఒక ముఖ్యమైన సంగతి ఉద్యోగాల్లో తెలుగువాళ్ళ వాటా. మద్రాసు ఆఫీసుల్లో మనకి చోటు లేదనే బాధ. వందేళ్ళు దాటింది. ఆఫీసులు మద్రాసు నుంచి హైదరాబాద్‌కి వెళ్ళాయి, బాపట్ల స్టేషన్‌లో సూట్‌కేసులు మాత్రం అలాగే ఎక్కుతున్నాయి.

ఊరికే వ్యాసం రాసి ఊరుకోవడం నాకిష్టం లేదు. కంపెనీలు ముందు అడిగేది ఒకటే: "అక్కడ మనుషులు దొరుకుతారా?" ఆ ప్రశ్నకి జవాబు మన చేతుల్లోనే ఉంది. మన సాహితీ క్లబ్బు, కోడింగ్ క్లబ్బు కలిసి ఒక చిన్న సర్వే చేద్దాం. మన ఫైనల్ ఇయర్ వాళ్ళలో, గత ఐదేళ్ళ సీనియర్స్‌లో, ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్న మన అక్కల్లో, తెనాలి, బాపట్ల, రేపల్లెలో ఆఫీసు ఉంటే ఎంతమంది వస్తారు? హైదరాబాద్ జీతం కంటే ఎంత తక్కువైనా పర్వాలేదు? ఏ పని చేయగలరు? తెలుగులోనే అడుగుదాం, పది ప్రశ్నలు మించకుండా. ఫారం నేను తయారు చేస్తాను. వచ్చిన లెక్కని మున్సిపల్ కమిషనర్లకి, కలెక్టర్ గారికి ఒక సోమవారం తీసుకెళ్ళి ఇద్దాం. చేతిలో ప్లాస్టిక్ కవర్లతో అర్జీలు ఇచ్చేవాళ్ళ లైన్లో మనం కూడా నిలబడదాం.

సర్వేలో పని చేయాలనుకునేవాళ్ళు క్లబ్ గ్రూపులో మీ ఊరి పేరుతో మెసేజ్ పెట్టండి. రేపల్లె, వేమూరు, భట్టిప్రోలు వైపు వాళ్ళు ఎక్కువ కావాలి. తెనాలి వాళ్ళు మాత్రం ముందు నవ్వడం ఆపి రండి.